బదిలీ అయిన రోజే లాగిన్ తీసెయ్యాలి

2017 మే నెలలో వన్నాక్రై వైరస్ ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలోకి చొరబడింది. దెబ్బతిన్న జిల్లాల్లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖలతో పాటు శ్రీకాకుళం కూడా ఉంది. ఫైళ్లు తెరుచుకోలేదు, తెరవాలంటే బిట్‌కాయిన్లలో డబ్బు కట్టమంది తెర మీది సందేశం. ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది.

అవి విండోస్ యంత్రాలు, లినక్స్ అయితే ఈ బెడద లేదనేవారు చాలామంది. అదే ఏడాది మే 24న, లినక్స్ సర్వర్లలో ఫైళ్లు పంచుకోవడానికి వాడే సాంబాలో 2010 నుంచీ ఉన్న లోపం బయటపడింది. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వితే, లినక్స్‌లో వాడే ఎక్స్‌జెడ్ అనే చిన్న లైబ్రరీలో ఎవరో కావాలని పెట్టిన దొంగదారి దొరికింది. ఆయనకు ఆ అర సెకను పట్టింపు లేకపోతే ఏమయ్యేదో!

లినక్స్ బలం దాని పేరులో లేదు, అనుమతుల్లో ఉంది. ప్రతి ఫైలుకూ ఒక యజమాని ఉంటాడు. ఎవరు చదవాలో, ఎవరు మార్చాలో విడివిడిగా రాసి ఉంటుంది. నిర్వాహక అధికారాన్ని అప్పటికప్పుడు ఇచ్చే సుడో ద్వారా పని చేస్తే ఏ ఆదేశం ఎవరు ఇచ్చారో లాగ్‌లో పేరుతో సహా నమోదవుతుంది. నలుగురూ సర్వాధికారాలున్న ఒకే రూట్ ఖాతా పాస్‌వర్డ్ వాడుకునే ఆఫీసులో ఇదంతా వృథా. తప్పు జరిగితే లాగ్‌లో కనిపించేది రూట్ అన్న పేరొక్కటే, మనిషి కనిపించడు.

ఉద్యోగులు చోటు మారినప్పుడూ ఈ జాగ్రత్త కావాలి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల హద్దులు మారాయి. రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వెళ్లింది, పాలకొండ పార్వతీపురం మన్యంలో చేరింది. ఇలాంటి మార్పుల్లో కుర్చీలు, బీరువాలు లెక్కపెట్టి అప్పగిస్తారు. లాగిన్లనూ అలాగే లెక్కపెట్టి అప్పగించాలి. పాత ఉద్యోగి పాస్‌వర్డ్ లాక్ చేసినంత మాత్రాన సరిపోదు. అతని ఎస్‌ఎస్‌హెచ్ కీ (పాస్‌వర్డ్‌కు బదులు వాడే డిజిటల్ తాళంచెవి) సర్వర్‌లో మిగిలి ఉంటే దానితో లోపలికి రావచ్చు. ఖాతా గడువే ముగించాలి, కీ తీసెయ్యాలి.

2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడిని ఆరు గంటల్లోగా తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. ఆ లాగ్‌లు చదవగలిగినవారు ప్రతి జిల్లా కేంద్రంలోనూ ఒక్కరైనా ఉండాలి. ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ ఉంది, విజయనగరంలో జేఎన్‌టీయూ ఉంది. అక్కడ చదివిన పిల్లలకు ఈ ఉద్యోగాలు ఈ జిల్లాల్లోనే ఇవ్వడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చేమీ కాదు.