అవతారిక లేని కావ్యము

తెలుగుకావ్యమును చేతబట్టినవానికి మొదట ఎదురగునది కథ గాదు, అవతారిక. దేవతాస్తుతియు పూర్వకవిస్తుతియు ముగిసిన పిదప, కవి తన అవ్వతాత లెవరో, తల్లిదండ్రు లెవరో, తనకు విద్య గఱపినవా రెవరో, ఏ కొలువున ఏ గౌరవము పొందెనో చెప్పుకొని, అటుపిమ్మట గాని కథలోనికి దిగడు. అంతతో తృప్తినొందక ప్రతి ఆశ్వాసము తుదిని గద్యలో తన పేరు మఱల చెప్పుకొనును. నూఱేండ్ల తరువాత చదువువాడు ఈ కావ్య మెవరిదని అడిగినచో దానికి ఉత్తరము కావ్యములోనే దొరకవలెనని మన పూర్వులు చేసిన ఏర్పా టిది. ఆ ఏర్పాటును తన హక్కుగా వాడుకొన్న యొక గణికను గూర్చియు, ఆమె గతించిన శతాబ్దమునకు ఆ హక్కును ఆమెనుండి తీసివేసిన ముద్రణను గూర్చియు ఈ వారము వ్రాయదలచితిని.

1739 మొదలు 1763 వఱకు తంజావూరు నేలిన మహారాష్ట్రప్రభువు ప్రతాపసింహుని ఆస్థానమున ముద్దుపళని యుండెను. ఏలిక యింటిభాష మరాఠీ, ఊరి భాష తమిళము, కొలువున కావ్యమునకును గానమునకును మన్నన గాంచిన భాష తెలుగు. 1673లో నాయకరాజుల ప్రభుత్వము అంతరించినను, వారి వెంట కావేరీతీరమునకు వలసపోయిన తెలుగు అంతరింపలేదు; రాజ్యమును గైకొన్నవారు భాషను గూడ ఆదరించిరి. విజయరాఘవనాయకుని కొలువున పసుపులేటి రంగాజమ్మ కనకాభిషేకము పొందిన ఆ నగరముననే, ఇంచుమించు నూఱేండ్లకు, ముద్దుపళని కవయిత్రి యైనది. ఆండాళ్ తిరుప్పావైని తెలుగు చేసినది. సప్తపదములను కట్టినది. 584 పద్యములతో రాధికాసాంత్వనమును రచించినది.

ఆమె తండ్రి ముత్యాలు, తల్లి రామవధూటి, అవ్వ తంజనాయకి. ఈ పేర్లను ఏ శాసనమో, ఏ రాజకీయ దఫ్తరమో మనకు అందింపలేదు. ముద్దుపళనియే అవతారికలో చెప్పుకొన్నది. తనకు విద్య ఇంటి యాడువారినుండి సంక్రమించినదని తలవంచక చెప్పినది. తనవంటి స్త్రీలలో పండితులను కానుకలతో సత్కరించినవారు మఱియెవ్వరు, కావ్యములకు కృతిపతులైనవారు మఱియెవ్వరు అని సూటిగా అడిగినది. కవులు ప్రభువులను ఆశ్రయించుట లోకమెఱిగినదే గాని, కవులే ఒక కవయిత్రిని ఆశ్రయించి కృతుల నంకితమిచ్చుట అరుదు. ఆనాటి కులకాంతకు అక్షరజ్ఞానము దుర్లభము. స్వార్జితమైన ధనము అంతకంటె దుర్లభము. గణికకు ఆ రెండును లభించినవి. వానికి ఆమె చెల్లించిన మూల్యము రాజుగారి అనుగ్రహముపై ఆధారపడిన బ్రదుకు. అది సామాన్యమైన మూల్యము కాదు.

ఆ బ్రదుకును ఆమె కావ్యములో ఎట్లు చూచినదో గమనింపుడు. రాధ తాను పెంచిన ఇళాదేవిని తానే అలంకరించి, బుద్ధులు చెప్పి, శ్రీకృష్ణునకు పెండ్లిచేసి పంపును. పంపిన పిమ్మట తాపము భరింపజాలక, చిలుకను రాయబారమంపి, అలిగి, అతనిని నిందించును. కడకు కృష్ణుడే వచ్చి ఆమెను సాంత్వనపఱచవలసి వచ్చును. మన శృంగారకావ్యములలో నాయికను వర్ణించుటయు, ఆమె అలుకను తీర్చుటయు క్రొత్తవి కావు. తన ప్రాయము జాఱుచున్నదని యెఱిగి, తన చేతితోనే తన స్థానమును మఱియొకతె కిచ్చి, ఇచ్చినందుకు కుమిలి, కుములుటను దాచుకొనక అడిగి తీర్చుకొను స్త్రీ మాత్రము క్రొత్తది. ఆ వేదనను పురుషకవి యెవ్వడును ఇంత దగ్గఱనుండి చూడలేదని నా అభిప్రాయము.

ఆ దినములలోనే, సముద్రముల కావల, లండను నగరమున కిట్టీ ఫిషర్ అను గణిక పేరు మాఱుమ్రోగుచుండెను. ఆమె 1741లో పుట్టి 1767లో మరణించినది. ఇరువదియైదేండ్లు దాటెనో లేదో. ఆమె సౌందర్యమును జాషువా రేనాల్డ్స్ పలుమాఱు చిత్రించెను. 1759లో ఆమెను ముత్యమును పానపాత్రలో కరగించు క్లియోపాత్రాగా చూపెను. అదే సంవత్సరమున రాజోద్యానములో గుఱ్ఱముపైనుండి ఆమె క్రిందపడగా, ఆ పాటును గూర్చి పాటలును బొమ్మలును వీథివీథిని అమ్ముడుపోయెను. ఎవరో ఆమె జీవితకథ యని యొక పుస్తకమును అచ్చువేయ బూనిరి. ఆమె ఓర్వలేక వార్తాపత్రికలో ప్రకటన వేయించుకొన్నది: పత్రికలు తన్ను నిందించినవనియు, బొమ్మల దుకాణముల వారు తన్ను వీథిని పెట్టిరనియు, ఇప్పుడు అల్పులగు రచయితలు తన చరిత్ర వ్రాసెదమని బెదరించుచున్నారనియు మొఱపెట్టుకొన్నది. పుస్తకము వెలువడక మానలేదు. 1765లో నథానియల్ హోన్ అను చిత్రకారుడు ఆమెప్రక్కన బంగరుచేపల గాజుపాత్రలో పాదముంచు పిల్లికూనను చిత్రించెను. అది ఆమె పేరుపై చమత్కారము. చిత్రమును పరికించి చూచినచో ఆ గాజుపాత్రపై ఒక కిటికీ ప్రతిబింబము కనుపించును. కిటికీవెలుపల లోనికి తొంగిచూచు జనసమూహము. కిట్టీ ఫిషర్ జీవితమంతయు నాకు ఆ పాత్రపై కనుపించినది. ఆమె 1766లో పార్లమెంటు సభ్యునొకని వివాహమాడి, మఱుసటి యేడే కన్నుమూసెను. నేటికిని ఆంగ్లబాలురు పాడుకొను ఆటపాటలో ఆమె పేరున్నది. ఆమె తన అవ్వను గూర్చి వ్రాసికొన్న వాక్యము ఒక్కటియు లేదు.

కిట్టీ ఫిషర్‌కు బొమ్మలు మిగిలినవి, ముద్దుపళనికి మాట మిగిలినది. ఒకతెను లోకము చెప్పినది. ఒకతె తన్ను తాను చెప్పుకొన్నది. కీర్తి యిరువురిదియు గొప్పదే గాని, ఈ రెండవ భాగ్యమే జీవితచరిత్ర యనదగినది. అందువలననే 1887లో జరిగిన పనిని నేను సామాన్యమైన ప్రమాదముగా ఎంచజాలను.

ఆ సంవత్సరమున, బ్రౌనుదొరతో కలిసి పనిచేసిన వెంకటనరసు అను పండితుడు రాధికాసాంత్వనమును అచ్చువేసెను. 1907లో అది మఱల ముద్రితమయ్యెను. కావ్యమునకు వెలుగుచూపిన పుణ్య మాయనదే. అయితే ఆ ముద్రణలో అవతారిక లేదు, ఆశ్వాసాంతగద్యలు లేవు. అనగా తంజనాయకి లేదు, రామవధూటి లేదు, ముత్యాలు లేడు. శృంగారపద్యములు ఘాటైనవని తొలగించినచో అభిరుచిభేద మని సరిపెట్టుకొనవచ్చును. వంశక్రమమును చెప్పు పద్యములలో అశ్లీల మేమున్నది? గణిక తన అవ్వను సగౌరవముగా పేర్కొనుటయే అశ్లీలమని తోచినదా?

వీరేశలింగము పంతులుగారు ఆంధ్రకవుల చరిత్రములో ముద్దుపళని కవితాశక్తిని గుర్తించియు, స్త్రీ యయ్యుండి వినరాని సంగతులను వ్రాసినదని నిందించిరి. 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించిన ఆ మహనీయుని ఋణము తెలుగువారెవ్వరును తీర్చుకొనజాలరు. ఆ ఋణస్థులలో నేనును ఒకడను. ఐనను ఈ విషయమున ఆయన తీర్పు న్యాయము కాదని చెప్పుటకు వెనుదీయను. భోగమువారి వ్యవస్థను ద్వేషించుటలో ఆయన యుక్తుడు. ఆ ద్వేషమును ఆ వ్యవస్థలో పుట్టిన స్త్రీ కలముపైకి మఱలించుటలో అయుక్తుడు.

ఆ నింద చదివిన వారిలో బెంగుళూరు నాగరత్నమ్మ యొకతె. ఆమె 1878లో మైసూరు సీమలోని నంజనగూడులో దేవదాసియగు పుట్టలక్ష్మికి జన్మించి, కన్నడదేశమున పెరిగి, సంగీతమున మదరాసు నేలినది. ఆదోనివారికి ఈమెను గూర్చి వేఱుగ పరిచయము చేయనక్కఱలేదనుకొందును. ఒక వాక్యము తెలుగున మొదలిడి కన్నడమున ముగించు ఇండ్లు మన పట్టణమున నేటికిని పెక్కు గలవు. నాగరత్నమ్మ మొదట అచ్చుప్రతిని సంపాదించి చదివెను. తరువాత వ్రాతప్రతి దొరకెను. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొన్నప్పుడు ముద్దుపళని పేరును, పెంపును, పెద్దలును ఏ పుటలలో మాయమైరో ఆమెకు తెలిసినది. ఆ క్షణమున ఆమెకు కలిగిన భావమును ఊహింపుడు. తన కులమున పుట్టిన విదుషి వ్రాసిన కావ్యమది. ఆ సంగతినే చెఱిపివేసిరి.

1910లో ఆమె సమగ్రమైన ప్రతిని వావిళ్లవారిచే అచ్చువేయించెను. సిగ్గు, మర్యాద యనునవి స్త్రీలకు మాత్రమేనా, పురుషులకు అక్కఱలేదా అని పీఠికలో నిలదీసి అడిగెను. ఒక వేశ్య వ్రాయగా మఱియొక వేశ్య అచ్చువేయించినదని ఆనాటి పత్రిక యొకటి ఎత్తిపొడిచెను. నిందగా అన్న ఆ మాటలో తెలియకయే ఒక సత్యము పలికినది: తంజనాయకినుండి ముద్దుపళనికిని, ముద్దుపళనినుండి నాగరత్నమ్మకును వచ్చిన విద్యాసంతతి యది. 1911లో మదరాసు పోలీసులు ప్రతులను పట్టుకొనిరి. పండితులు విన్నపములు పంపిరి, ప్రభుత్వము చెవినిడలేదు. ముప్పదియాఱేండ్లకు, 1947లో, టంగుటూరి ప్రకాశం పంతులుగారి చలువవలన నిషేధము తొలగెను. 1952లో వావిళ్లవారి క్రొత్తప్రతి వెలువడెను. ఆ యేడు మేనెలలోనే నాగరత్నమ్మ పరమపదించి, తన ఆస్తినంతయు ధారపోసి కట్టించిన త్యాగరాజస్వామి ఆలయమునకు ఎదుట తిరువయ్యారున సమాధి యందెను.

ఇంతదూరపు కథను ఇచ్చట వ్రాయుటకు కారణము మన నేలలోనే యున్నది. ముద్దుపళని కాలమున ఆదోనిదుర్గము నిజాం సోదరుడగు బసాలత్ జంగు జాగీరు. 1786లో టిప్పూ ముట్టడికి లోబడి, 1800లో కుంఫిణీవారి దత్తమండలములలో చేరి, 1953 వఱకు ఈ సీమ బళ్ళారి జిల్లాలో నుండెను. ఆ జిల్లా బసివిలను గూర్చి ఫాసెట్ అను పోలీసుదొర యొక వ్యాసము వ్రాసెను. థర్‌స్టన్ 1909 నాటి తన కులగ్రంథమున వారిని వర్ణించెను. మగబిడ్డలు లేని యింట కూతురును దేవర పేర బసివిగా వదలుట, ఆమె కొడుకువలె ఆస్తికి వారసురాలై తండ్రికి తలకొఱివి పెట్టుట, ఆమె బిడ్డలు తాత యింటిపేరుతో పెరుగుట ఈ ఆచారములోని విశేషములు. తంజావూరి రాజనర్తకికిని మన మెట్టచేల బసివికిని సామ్యము చెప్పరాదు. ఒకతెకు కావ్యముల నంకితమిచ్చిరి. రెండవదాని పేదఱికమును ఊరి పెద్దలు అనుభవించిరి. ఆచారమును మాన్పించుటకై 1947లో మదరాసు శాసనమును, 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనమును వచ్చినవి; వచ్చుట న్యాయము.

మా చిన్ననాట ఎమ్మిగనూరు దాపునగల పల్లెలో ఒక అవ్వ యుండెడిది. తండ్రికి తానే కొఱివి పెట్టితినని నిటారుగా నిలిచి చెప్పెడిది. ఆమె మనుమడు నాతో బడిలో చేరిన దినమున తండ్రి పేరడిగిరి. వాడు అవ్వ పేరు చెప్పెను. అయ్యవారు కలము ఆపి, వాని మొగము చూచి, ఆ గడి ఖాళీగా విడిచి క్రిందిగడికి పోయెను. ఆ తెల్లని గడి ఇన్నేండ్లకు, రాధికాసాంత్వనపు రెండు ముద్రణల కథ చదివినప్పుడు నాకు జ్ఞప్తికి వచ్చినది. తండ్రి లేడని బాలుడు ఏడ్వలేదు. చెప్పిన పేరును వ్రాసికొనలేదని ఏడ్చెను. ఒక బసివి తన యింటివారి పేర్లను తానే చెప్పి వ్రాయించిన పుస్తకము నేటివఱకు నా చేతికి రాలేదు.

ఆదోని లక్ష్మమ్మవ్వ రథమును లాగు ఊరు. అవ్వ పేరునకు చేతులు జోడించుట మనకు ఒకరు నేర్పవలసినది కాదు. ఇచ్చటి ఉపాధ్యాయులను, కళాశాలల తెలుగు అధ్యాపకులను నేను వేడుకొనుచున్నాను: కౌతాళములోనో, కోసిగిలోనో, పెద్దకడుబూరులోనో బసివి యిండ్ల వృద్ధురాండ్రు ఇంకను మిగిలియున్నచో, వారు ఇష్టపడినచో, వారి అవ్వల పేర్లను వారి నోటనే విని వ్రాసియుంచుడు. చదువరులకు ఇంకొక మాట. రాధికాసాంత్వనము అంగడిలో కనబడినప్పుడు నడిమి పుటలను త్రిప్పక మొదటి పుటలను చూడుడు. అచ్చట తంజనాయకి పేరు లేనిచో ఆ ప్రతిని కొనవలదు.