నొక్కితే ఇరుకక్షరం కాదు

జన్వాడ, మొయినాబాద్, చేవెళ్ల. ఈ మూడు ఊళ్ల పేర్లూ పత్రికలో రెండు కాలమ్‌ల హెడ్డింగులో పట్టాలన్నా, వెంచరు ఫ్లెక్సీ మీద దూరానికి కనపడాలన్నా మన దగ్గర తరచూ జరిగేది ఒకటే: లావుపాటి ఫాంటు తీసుకుని, వెడల్పు డెబ్బై శాతానికి తగ్గించి అటూ ఇటూ నొక్కేస్తారు. చోటు కలిసొస్తుంది కానీ అక్షరం పాడవుతుంది. అడ్డంగా నొక్కితే పక్క వంపులు సన్నబడతాయి, పైనా కిందా వంపులు మాత్రం పాత మందంతోనే ఉండిపోతాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో నిలువు గీతలు ఎక్కువ కాబట్టి వాటిని దగ్గరగా నిలబెట్టినా నిండుగా కనిపిస్తాయి. 1965లో జెఫ్రీ లీ రూపొందించిన ఇంపాక్ట్ అలాంటిదే. అది కూడా నొక్కితే వచ్చింది కాదు, మొదటి నుంచీ ఇరుకుగా గీసిందే. గుండ్రటి తెలుగు లిపికి ఆ శ్రద్ధ ఇంకా ఎక్కువ కావాలి.

ద, ధ, థ చూడండి. కింద చిన్న గీత, కడుపులో చుక్క, అంతే తేడా. లావు పెంచి వెడల్పు తగ్గిస్తే ముందు పూడిపోయేది ఆ చుక్కే. పైగా తెలుగుకు అసలు ఇబ్బంది వెడల్పుతో కాదు, ఎత్తుతో. ‘చేవెళ్ల’లో మొదటి రెండక్షరాల మీదా ఏత్వం, ఎత్వం లేస్తాయి; ళ కింద ల ఒత్తు దిగుతుంది. రెండు వరుసల హెడ్డింగులో పై వరుస ఒత్తు కింది వరుస గుణింతాన్ని గుద్దుకుంటుంది. దాంతో వరుసల మధ్య ఎడం పెంచాలి. వెడల్పులో మిగిల్చుకున్నది ఎత్తులో పోతుంది. బాపు, ఈశ్వర్ వంటివాళ్లు సినిమా టైటిళ్లు చేత్తో రాసేటప్పుడు ఒత్తును ఖాళీ ఉన్నచోటికి జరిపేవారు, అవసరమైతే కుదించేవారు. ఇరుకు ఫాంటు గీసేవాళ్లు చేయాల్సిందీ అదే.

పాఠకుడు ఎలాగో చదువుకుంటాడు కదా అంటారు. నిజమే, వార్త అయితే ఆగి చదువుతాడు. హెడ్డింగును మాత్రం ఒక్క చూపులో, ఫ్లెక్సీని బండి మీద పోతూ చదువుతాడు. అక్కడ తడబడితే ఆ అక్షరం పెట్టిన ప్రయోజనమే లేదు. ఫాంట్లు ఎక్కడున్నాయన్న మాటకూ ఇప్పుడు బలం తగ్గింది. సిలికానాంధ్ర ఉచితంగా ఇచ్చిన రామభద్ర లావుగా, హెడ్డింగులకు బాగుంటుంది, కానీ ఇరుకుది కాదు. ముంబయికి చెందిన ఏక్ టైప్ 2022లో విడుదల చేసిన అనేక్ తెలుగులో లావుతో పాటు వెడల్పును కూడా మార్చుకోవచ్చు, అదీ ఉచితమే. ఇక పాత, యూనికోడ్ కాని ఫాంట్ల మీద నడిచే పేజీలను ఒక్కరోజులో మార్చలేమన్న అభ్యంతరం న్యాయమైనదే. పేజీ మొత్తం మార్చనక్కర్లేదు, హెడ్డింగులతో మొదలుపెట్టవచ్చు. లోపలి వార్తల అక్షరానికి సొంత ఫాంటు గీయించుకున్న పత్రికల యాజమాన్యాలు హెడ్డింగుకూ ఒక ఇరుకు ఫాంటు గీయించాలి. ఆలోపు డీటీపీ మిత్రులారా, డెబ్బై శాతం అని కొట్టే ముందు ‘చేవెళ్ల’ను అనేక్ తెలుగు ఇరుకు రూపంలో ఒకసారి పెట్టి, పక్కపక్కన పోల్చి చూడండి.