దక్కని బిడ్డల తరఫున

మీ ఇంట్లో ఎనభై దాటిన పెద్దావిడ ఉంటే ఒక మాట అడిగి చూడండి: "మీ అమ్మకు మీరు ఎంతమంది?" చాలామంది జవాబు ఒక్క అంకెతో ఆగదు. "తొమ్మిది కాన్పులు, ఐదుగురం దక్కాం" అంటారు. ఆ మాట చెబుతున్నప్పుడు గొంతు కూడా మారదు. అప్పట్లో అది ఇంటింటి సంగతి.

అదే పెద్దావిడ కాసేపటికి "మా రోజులే రోజులు, ఇప్పుడంతా పాడుకాలం" అంటే ఆవిడతో వాదించను. ఇరుగుపొరుగు ఆపేక్షలు, కల్తీ లేని నెయ్యి, తలుపు తీసి పడుకునే ధైర్యం ఆవిడ కళ్లారా చూసినవే. కానీ గతం గురించి మనకు సాక్ష్యం చెబుతున్నవాళ్లంతా దాన్ని దాటి వచ్చినవాళ్లు. దాటలేకపోయిన ఆ నలుగురు తోబుట్టువులు మాట్లాడటానికి లేరు. లోకం నానాటికీ చెడిపోతోందని తీర్పు చెప్పేముందు వాళ్ల తరఫున కూడా ఒకరు మాట్లాడాలి. ఈ వారం ఆ పని నేను చేస్తాను.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్లు. లెక్కలేనంత మంది పసితనంలోనే పోవడం వల్ల సగటు అంత కిందికి దిగింది. 1971లో కూడా పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది మొదటి పుట్టినరోజు చూడలేదు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గింది. ఆంధ్రప్రదేశ్‌లో 24, తెలంగాణలో 21. ఆయుర్దాయం 70కి చేరింది. ప్రపంచమంతా చూసినా ఇదే దారి. 1990లో కోటీ ఇరవై లక్షల మందికి పైగా పిల్లలు అయిదేళ్లు నిండకుండా పోయారు. 2022లో ఆ సంఖ్య మొదటిసారి అర కోటి కంటే కిందికి దిగింది.

బిడ్డ దక్కదేమోనన్న భయం మన ఆచారాల్లోకి కూడా ఇంకింది. ముందు పుట్టినవాళ్లు పోతే, తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి మళ్లీ ఎత్తుకునేవారు. పొరుగావిడకు తవుడుకి అమ్మినట్టు చేసి తిరిగి కొనుక్కునేవారు. ముక్కు కుట్టించి, పెంటయ్య అనో తవిటయ్య అనో పేరు పెట్టేవారు. ఎందుకూ కొరగాని బిడ్డ అనుకుని మృత్యువు వదిలేసి పోతుందని ఆశ. కన్నతల్లి బిడ్డను చెత్తలో పడుకోబెట్టి ప్రాణభిక్ష అడిగిన కాలాన్ని బంగారు కాలం అనడానికి నాకు నోరు రాదు.

ఆ భయం దానంతట అది పోలేదు. మనుషులు పూనుకుని పోగొట్టారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. ఆయన కూడా దాని బారిన పడి బయటపడ్డారు. అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. తన ఇంట్లో ఇద్దరిని పొట్టన పెట్టుకున్న జబ్బుకు అది మందైంది. ఇవాళ ప్రతి గర్భిణికీ ఇచ్చే ఐరన్ మాత్రలో ఉన్నదీ అదే ఫోలిక్ యాసిడ్. ఆ బృందమే తయారుచేసిన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు మొదటిసారి, కొద్దికాలమే అయినా, ఉపశమనం తెప్పించారు. అంతకుముందు ఆ జబ్బు వచ్చిన బిడ్డ మీద ఆశ వదులుకోవడం తప్ప దారి లేదు. ఇప్పుడు సరైన వైద్యం అందితే ఎక్కువమంది పిల్లలు బతుకుతున్నారు.

1971 బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరాల్లో కలరా చెలరేగింది. ఎక్కించడానికి సెలైన్ చాలలేదు. దిలీప్ మహలనోబిస్ అనే యువ వైద్యుడు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లను డ్రముల్లో నింపి, రోగుల బంధువుల చేతే తాగించారు. నూటికి ముప్పై దాకా ఉన్న మరణాలు నాలుగు కంటే తక్కువకు పడిపోయాయి. మన మందుల షాపుల్లో దొరికే ఓఆర్ఎస్ ప్యాకెట్‌కు అంతటి నమ్మకం అక్కడే వచ్చింది. తెలంగాణ సరిహద్దుకు ఆవల గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పల్లెటూరి ఆడవాళ్లకు పసికందుల సంరక్షణ నేర్పారు. ఆ ఊళ్లలో నెలలోపు శిశువుల మరణాలు సగానికి పైగా తగ్గాయని 1999లో నిరూపించారు. ఇవాళ బాలింత ఇంటికి ఆశా కార్యకర్త వచ్చి బిడ్డను తూచి, ఒంటి వేడి చూసి వెళుతోందంటే ఆ అడుగుజాడలోనే.

అయితే చెడినవి ఏమీ లేవా? ఉన్నాయి, దాచను. 1961లో ఆరేళ్లలోపు వెయ్యి మంది మగపిల్లలకు 976 మంది ఆడపిల్లలుంటే 2011 నాటికి 919 మందే మిగిలారు. స్కానింగ్ యంత్రం వచ్చాక ఆడపిల్లను కడుపులోనే వెతికి చంపాం. రక్తహీనత ఉన్న చిన్నపిల్లలు 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో నూటికి 58 మంది ఉంటే, 2019-21 సర్వేలో 67 మంది అయ్యారు. అదే 2019-21 సర్వేలో తెలంగాణలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లే. తల్లీబిడ్డలను కాపాడాల్సిన ఆపరేషన్‌ను రాబడి కోసం, ముహూర్తం కోసం చేసేస్తున్నాం.

వీటిలో ఏదీ కాలం చేసిన పని కాదు. ఆడబిడ్డ అని చెప్పిన వైద్యుడు ఉన్నాడు, చెప్పమని అడిగిన కుటుంబం ఉంది. పాలూ గుడ్డూ అందని పిల్లల పళ్లెం ఉంది, దాన్ని పట్టించుకోని పాలన ఉంది. "కలికాలం" అని నిట్టూరిస్తే వీళ్లంతా తప్పించుకుంటారు. కాలం చెడిందన్న మాట మీద నా అసలు అభ్యంతరం ఇదే. అందులో దోషి ఉండడు, కాబట్టి చేయాల్సిన పనీ ఉండదు.

కాలమే అన్నిటికీ కారణమైతే ఒకే దేశంలో, ఒకే ఏడాదిలో ఫలితం ఇంత తేడాగా ఎందుకుంటుంది? 2020లో వెయ్యి మంది శిశువుల్లో మధ్యప్రదేశ్‌లో 43 మంది పోయారు, కేరళలో ఆరుగురు. దశాబ్దాల తరబడి ఆడపిల్లలను చదివించి, ఊరూరా ఆరోగ్య కేంద్రాలను నిలబెట్టినందుకు కేరళకు ఆ ఫలితం దక్కింది.

సాధించినది చేజారడానికి మాత్రం ఎక్కువ కాలం పట్టదు. తట్టును దేశంలో లేకుండా చేశామని అమెరికా 2000లో ప్రకటించింది. టీకాల మీద అపనమ్మకం పెరిగిన చోట అది తిరిగొచ్చింది. 2025లో టెక్సాస్‌లో టీకా వేయించని ఇద్దరు పిల్లలు దానితో చనిపోయారు. అక్కడ మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, వాట్సాప్‌లో టీకాల మీద పుకార్లు అక్కడా ఇక్కడా ఒకేలా తిరుగుతున్నాయి. "పూర్వం ఈ సూదులన్నీ ఉన్నాయా, అయినా మేం గట్టిగా లేమా" అని పెద్దవాళ్లు అంటే పిల్లలు వింటారు. గతం మీద మోజు ప్రమాదంగా మారేది ఇలాంటి మాటల దగ్గరే. గట్టిగా లేనివాళ్లు ఆ మాట అనడానికి మిగల్లేదని ఎవరో ఒకరు అప్పుడే చెప్పాలి.

అందుకే కుర్రవాళ్లకు ప్రపంచం నాశనమైపోతోందని పొద్దస్తమానం నూరిపోయకండి. అది నమ్మినవాడు దేన్నీ బాగుచేయడానికి ముందుకు రాడు. ఏం సాధించామో, ఎవరు సాధించారో చెప్పండి. మిగిలిన పని కూడా చెప్పండి. మీ మండలంలో గత ఏడాది ఎంతమంది పసివాళ్లు పోయారు, ఏ కారణంతో పోయారు అని సర్పంచును, ఎమ్మెల్యేను, కలెక్టరును అడగండి. ఎండావానా చూడకుండా ఇంటింటికీ తిరుగుతున్న ఆశా కార్యకర్తలకు గౌరవ వేతనం అనే పేరు తీసేసి, ఉద్యోగులుగా జీతం ఇమ్మని నిలదీయండి. మన శిశు మరణాలను కేరళ స్థాయికి దించడానికి కొత్త మందు కనిపెట్టే అవసరం లేదు. ఉన్న మందు, ఉన్న తిండి, ఉన్న తెలివి చివరి ఇంటిదాకా చేరితే చాలు. ఆ ఇంటిదాకా నడిచి వెళ్లే మనిషికి కడుపు నిండే జీతం ఇవ్వడం మన చేతిలోనే ఉంది.