అతిథులా? గృహస్థులా?

2023వ సంవత్సరము ఆగష్టు 30వ తేదీన ఇడాలియా తుపాను అమెరికాలోని ఫ్లారిడా తీరమును తాకినది. ఆ వెనుక కొలది దినములకే, క్యూబా, మెక్సికో దేశముల ఉప్పునీటి మడుగులలో వసించు ఫ్లెమింగో పక్షులు ఫ్లారిడాలోనే గాక ఒహాయో, పెన్సిల్వేనియా రాష్ట్రములందును కనబడినవి. సెప్టెంబరు 22వ తేదీన ఉత్తరమున నున్న విస్కాన్సిన్ రాష్ట్రములో, మిచిగన్ సరస్సు ఒడ్డున, ఐదు పక్షులు నిలిచియుండగా జనులు గుంపులు గూడి చూచిరి. మన పులికాటు సరస్సునకు ఏటేటా వచ్చు ఫ్లెమింగోలకు ఇవి దాయాదులు; వర్ణము మాత్రము మరింత యెఱుపు.

ఇందు శకునములు వెదకుట వ్యర్థము. యూకటాన్ జలసంధి మీదుగ సాగిన తుపాను, అచ్చట ఎగురుచుండిన పక్షులను వెంటగొనిపోయినదని శాస్త్రజ్ఞుల యూహ. విస్కాన్సిన్ చేరినవి దారితప్పిన అతిథులే యనుటలో సందేహము లేదు. ఫ్లారిడాలో దిగినవాని సంగతి వేఱు.

19వ శతాబ్దమున దక్షిణ ఫ్లారిడా తీరపు బురదనేలలలో ఈ పక్షులు పెద్ద గుంపులుగ చేరుచుండెడివి. మాంసమునకై కొందఱు, దొరసానుల టోపీల కలంకరించు ఈకలకై కొందఱు వానిని వేటాడిరి. 1900 ప్రాంతమునకు అవి మాయమైనవి. పిమ్మట ఎప్పుడైన ఒకటి రెండు కనబడినను, పెంపుడు గుంపులనుండి తప్పించుకొన్నవని త్రోసివేయుట వాడుకయైనది. 2018లో కొందఱు శాస్త్రజ్ఞులు మ్యూజియములలోని పాత గుడ్లను, వెనుకటివారి వ్రాతలను పరిశీలించి, ఇవి ఆ నేలకు పరాయివి కావని వాదించిరి.

ఇది కేవలము పేరునుగూర్చిన తగవని తలంపరాదు. పరాయిదన్నచో ఆ పక్షిని కాపాడు పూచీ ఎవరికిని లేకపోవును. స్వదేశీయమని యొప్పుకొన్నచో, దాని నీటిని దానికి మరల నీయవలసివచ్చును. ఎవర్‌గ్లేడ్స్ చిత్తడినేలల నీటిని కాలువలు త్రవ్వి సముద్రమునకు మళ్ళించి, ఆ తావుల పొలములు, పట్టణములు నెలకొల్పినది మనుష్యులే గదా! ఆ ప్రవాహమును పునరుద్ధరించు ప్రణాళికను అమెరికా శాసనసభ 2000వ సంవత్సరమున అంగీకరించినది. ఆ పని బహుకాలమును, ధనమును కోరునట్టిది.

2024 ఫిబ్రవరిలో ఆడుబాన్ సంఘము జరిపిన లెక్కింపులో ఫ్లారిడాలో 101 పక్షులు కనబడినవి. తుపాను వెడలిన ఆఱు మాసములకును అవి అచ్చటనే మేయుచుండెను. వానిని వేటాడు తుపాకులు ఎన్నడో ఆగినవి. మేతకు దగిన నీరు, గూటికి దగిన నేల లభించినచో అవి గృహస్థులగును. లేనిచో మరల అతిథులై వెడలిపోవును. ఈ నిర్ణయము ఇకమీద కాలువల తలుపులు చేతనున్న వారిది.