తెరపై భూగోళం

నంద్యాల దగ్గరి శిరివెళ్ల బడి పిల్లలకు తూర్పున నల్లమల కనిపిస్తుంది, పడమట కుందూ పారుతుంది, చుట్టూ నల్లరేగడి చేలున్నాయి. ఇంత భూగోళం ఎదురుగా ఉండగా వీడియో పాఠం దేనికి?

కంటికి అందనిది చూపడానికి. కుందూ కమలాపురం దగ్గర పెన్నలో కలిసేదాకా సాగే దారిని ఉపగ్రహ చిత్రం నిమిషంలో చూపిస్తుంది. 3,229 మీటర్ల పొడవైన బెలూం గుహలను సున్నపురాయిని కరిగిస్తూ నీరు ఎలా తొలిచిందో చెప్పాలంటే లక్షల ఏళ్లను కుదించాలి. ఆ పని సుద్దముక్క వల్ల కాదు, యానిమేషన్ వల్ల అవుతుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1975–76లో ‘సైట్’ అనే ప్రయోగం ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ పాఠాలు పంపింది. వాటిలో మన తెలుగు పల్లెలూ ఉన్నాయి. ఇప్పుడు పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే ‘దీక్ష’ పోర్టల్‌లో పాఠం తెరుచుకుంటుంది.

అయితే వీడియో పెట్టి పక్కన కూర్చుంటే అది సినిమానే. మధ్యలో ఆపి, “వాన పడితే మన ఊరి నీళ్లు ఎటు పోతాయి?” అని అడగాలి. పిల్లల చేత ఆ వాలును పటంగా గీయించాలి. అప్పుడే అది పాఠమవుతుంది.

ఎక్కడివో నదుల వీడియోలు ఎన్నైనా దొరుకుతాయి. కేసీ కాలువ మీద, నంద్యాల పేరే పెట్టుకున్న షేల్ రాతిపొరల మీద తెలుగులో మంచి పాఠాలు కావాలి. ఫోనుతో తీసిన ఐదు నిమిషాలైనా చాలు. ఉపాధ్యాయులారా, ఈ సంచిక మీకోసమే. చదివి, తీయడం మొదలుపెట్టండి.

— సంపాదకుడు