అవ్వ ఎక్కడికీ పోలేదు

మా అవ్వ పోయి ఈ సంక్రాంతికి ఏడాది. చివరి మూడేళ్లూ ఆమెకు మరుపు జబ్బు. మొదట తమిళం మరిచింది. ఆ తర్వాత హోసూరు సంతలో నేర్చిన కన్నడం పోయింది. చివరికి తెలుగే మిగిలింది, అదీ పిడికెడు మాటలు. కన్నకొడుకునే "ఎవురు నాయినా నువ్వు?" అని అడిగేది.

చూడ్డానికి వచ్చిన చుట్టాలు "అవ్వ ఎప్పుడో పొయ్యె, ఇంగ ఉండేది వట్టి కట్టె" అనేవాళ్లు. ఓదార్పుగా అన్నదే, తప్పు పట్టను. కానీ ఆ మాట మా ఇంట్లో ఏం చేసిందో చూశాను. రానురాను మేమూ ఆమె పక్కన కూర్చునేది తగ్గించాం. నీళ్లు పోసేది, అన్నం పెట్టేది, మందు మింగించేది జరిగిపోతా ఉండె. పలకరింపు మాత్రం నిలిచిపోయె. వట్టి కట్టెతో ఎవరు మాట్లాడతారు?

చిలక ఎగిరిపోయింది, పంజరం మిగిలింది అని చావింట అనుకునేది మనకు అలవాటే. గ్రీకులదీ ఇదే ఆలోచన. మన సీమకు ఆ గ్రీకులు కొత్తవాళ్లేం కాదు. 1878లో హోసూరు పక్క తొరపల్లిలో పుట్టిన రాజాజీ, సోక్రటీసు గురించీ మార్కస్ అరీలియస్ గురించీ తమిళంలో పుస్తకాలు రాశారు.

క్రీ.పూ. 399లో ఏథెన్సు చెరసాలలో సోక్రటీసు విషం తాగిన రోజును ప్లేటో 'ఫీడో'లో చెప్పాడు. అందులో ఆత్మకు దేహమే చెర. నిన్ను ఎట్లా పూడ్చాల అని స్నేహితుడు క్రీటో అడిగితే, నేను మీ చేతికి చిక్కితే గదా, మీరు పూడ్చేది నా దేహాన్ని అని సోక్రటీసు నవ్వుతాడు. ఐదు వందల ఏళ్లు దాటినాక రోము చక్రవర్తి మార్కస్ అరీలియస్ కూడా, మనిషంటే శవాన్ని మోసే చిన్న ప్రాణం అని ఎపిక్టెటస్ చెప్పిన మాటను రాసిపెట్టుకున్నాడు.

చావుకు ఎదురు నిలిచేవాడికి ఇది గొప్ప ధైర్యం, కాదనను. అయితే అది పోయేవాడు తన గురించి తాను అనుకునే మాట. మంచం పక్కన ఉండేవాళ్లు మంచం మీద ఉండే మనిషిని చూసి అనాల్సింది కాదు. విషం తాగకముందు సోక్రటీసు తానే స్నానం చేసి వచ్చాడు. తన శవానికి నీళ్లు పోసే పని ఆడవాళ్లకు తప్పించాలని. దేహం చెర అన్నవాడికి కూడా, ఆ దేహాన్ని కడిగేవాళ్ల కష్టం తెలుసు.

ప్లేటో శిష్యుడు అరిస్టాటిల్‌ది వేరే దారి. మైనమూ దాని మీది ముద్రా ఒకటా రెండా అని అడగాల్సిన పనిలేదు, దేహమూ ఆత్మా అట్లాంటివే అన్నాడు. కన్ను ఒక ప్రాణి అయితే చూపే దాని ఆత్మ. ముసలివానికి పడుచువాని కన్ను దొరికితే పడుచువాని మాదిరే చూస్తాడనీ, ముసలితనంలో చెడేది ఆత్మ కాదు, అది ఉండే దేహమనీ అన్నాడు. బుద్ధి ఒక్కటి చెడనిదేమో అని తలుపు కొంచెం తెరిచి పెట్టాడు గానీ, జ్ఞాపకం, ప్రేమ మాత్రం దేహంతో కలిసిన మనిషివే అని తేల్చాడు.

ఇది పుస్తకంలో చదివి ఊరికే వదిలేసే మాట కాదని నాకు మా వంటింట్లో తెలిసింది. ఒకరోజు మా పాప తట్టలో వేడి రాగిముద్ద పెట్టినాం. పక్కనున్న అవ్వ చెయ్యి నీళ్లలో తడిపి, ఆ ముద్దను చిన్న ముద్దలు చేసి, ఒకదాంట్లో బొటనవేలితో గుంట పెట్టి, పులుసు పోసి, "తిను" అనింది. పాప పేరు ఆమెకు తెలీదు. ఎవరి బిడ్డో తెలీదు. ఆ చేతికి మాత్రం ఎదురుగా బిడ్డ ఉండాదని తెలుసు. పాప "చాలవ్వా" అంటే, "ఇంగొకటి" అనింది.

ఆ పొద్దు నుంచి మా ఇంట్లో "వట్టి కట్టె" అనే మాట లేదు. అనపకాయల కాలంలో చాట ఆమె ముందర పెట్టేవాళ్లం. ఒలిచేది. సగం తొక్కులు గింజల్లోనే కలిసేవి, పోనీ. పక్కన కూర్చుని మేమూ ఒలిచేవాళ్లం, ఏదో ఒకటి మాట్లాడతా.

మాదిరిగా తెలుగునేల బయట ఉండే కుటుంబాలకు ఇంకొక మాట. పాపకు "చాలవ్వా" అనేంత తెలుగు లేకుంటే, ఆ "ఇంగొకటి" మాకు దక్కేది కాదు. పెద్దోళ్లకు చివరికి మిగిలేది ఏ భాషో మన చేతుల్లో లేదు. ఆ భాషలో బదులు పలికే బిడ్డ ఇంట్లో ఉండేది మాత్రం మన చేతుల్లోదే.

ఆత్మ ఎక్కడికి పోతుందో పెద్దలు తేల్చుకోనీ. ఉన్నన్నాళ్లూ అది ఆ చేతిలోనే ఉండాదని నమ్మి, ఆ చెయ్యి పట్టుకొని కూర్చుందాం.