ఇంటికొచ్చిన రోజు

మా ఇంట్లో ఒక పండగ ఉంది, ఏ పంచాంగంలోనూ కనబడదు. అక్టోబర్‌లో వస్తుంది. మూడేళ్ళ వయసులో మా అమ్మాయి మా దగ్గరికి వచ్చిన రోజు అది. ఈసారికి ఆరేళ్ళు నిండాయి.

దత్తతలో తేదీలకి కొదవేం లేదండీ. 'కారా' నుంచి పాప వివరాలు వచ్చిన రోజు, శిశుగృహలో మొదటిసారి చూసిన రోజు, కోర్టు ఆర్డరు చేతికొచ్చిన రోజు (2022 నుంచి ఆ ఆర్డరు కలెక్టరుగారే ఇస్తున్నారు), డల్లెస్ ఎయిర్‌పోర్టులో దిగిన రోజు. మేం చివరిదాన్ని ఎంచుకున్నాం. హెర్న్‌డన్ వాళ్ళకి డల్లెస్ అంటే పెరటి గుమ్మం కదా!

ఇంకో కారణం కూడా ఉంది. దత్తత ఇండియాలోనే పూర్తయి, తల్లిదండ్రుల్లో ఒకరు సిటిజన్ అయితే, ఆ కాగితాలతో ఇక్కడ దిగిన పిల్ల ఇమిగ్రేషన్ కౌంటర్ దాటగానే సిటిజన్ అయిపోతుంది. మా ఆయన సిటిజన్, నాది అప్పటికి గ్రీన్ కార్డే. నాన్న భుజం మీద నిద్రపోతూనే మా పిల్ల నన్ను దాటేసింది. ఈ చట్టం 2001 ఫిబ్రవరి 27న అమల్లోకి వచ్చింది. ఆ రోజుకే 18 నిండినవాళ్ళకి వర్తించలేదు. పసితనంలో దత్తు వచ్చి ఇక్కడే పెరిగి, పెద్దయ్యాక తాము ఈ దేశ పౌరులం కామని తెలుసుకున్నవాళ్ళున్నారు. దత్తత తీసుకున్నవాళ్ళెవరైనా సరే, పాస్‌పోర్టు ఒక్కటీ చాలనుకోకుండా సిటిజన్‌షిప్ సర్టిఫికెట్ కూడా బీరువాలో భద్రంగా పెట్టుకోండి.

ఆ రోజుకి పేరేం పెట్టాలి? ఇక్కడ చాలామంది 'గాచా డే' అంటారు. దత్తత వచ్చి పెద్దయినవాళ్ళలో చాలామందికి ఆ మాట గిట్టదు. ఎవర్నో దొరకబుచ్చుకున్నట్టుంటుంది, నాకూ నచ్చలేదు. పోనీ తెలుగులో వెతికితే, మన దత్తత మాటల చుట్టూ అంతా ఆస్తి, వంశం, పిండాలు. పాత హిందూ న్యాయంలో సాధారణంగా మగపిల్లాడికే ఆ యోగం. ఆడపిల్లకి చట్టంలో చోటు దొరికింది 1956లో. ఇన్ని ఆలోచించి మేం తేల్చుకోలేకపోతే మా అమ్మాయే పెట్టేసింది: 'ఇంటికొచ్చిన రోజు'.

మొదట్లో గుడికి వెళ్ళి అర్చన చేయించేవాళ్ళం. గోత్రం మాది. నక్షత్రం? పుట్టిన తేదీయే డాక్టరు ఎత్తూ పళ్ళూ చూసి వేసిన అంచనా, ఇక నక్షత్రం ఎక్కణ్ణుంచి తెస్తాం! పూజారిగారు ఒక్క క్షణం కూడా తడుముకోకుండా పేరులో మొదటి అక్షరాన్ని బట్టి నక్షత్రం చెప్పి సంకల్పం కానిచ్చారు. ఆ పెద్దమనిషిని నేను మర్చిపోను.

సాయంత్రం అరవైమందితో పార్టీ. కేకు, బిర్యానీ ట్రేలు. వచ్చినవాళ్ళందరూ మంచివాళ్ళే, పిల్ల బుగ్గ పుణికి "ఎంత అదృష్టవంతురాలివే! మీ అమ్మానాన్న దేవుళ్ళు" అనేవాళ్ళు. కిందటేడు అందరూ వెళ్ళాక అడిగింది, "బర్త్‌డేకి అందరూ నాకు విషెస్ చెప్తారు కదమ్మా. ఈ రోజు మాత్రం నేనే మీకు థాంక్స్ చెప్పాలంటారేంటి?"

అందుకని ఈ ఏడు ఎలా చేసుకుందామో తననే అడిగాం. "కొండల్లో, మనం మాత్రమే" అంది. లూరే దగ్గర చిన్న కేబిన్ తీసుకున్నాం. 66 మీద ఫ్రంట్ రాయల్ దాకా వెళ్ళి స్కైలైన్ డ్రైవ్ ఎక్కాం. 105 మైళ్ళ కొండదారి, గంటకి 35 మైళ్ళకి మించకూడదు. ఎర్రబడ్డ ఆకులు చూస్తూ వెళ్ళాలంటే ఆ వేగం సరిపోతుంది.

గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్య కేబిన్‌లోనే పులిహోర కలిపారు. తాలింపు పడగానే స్మోక్ అలారం మోగింది. "ఇదేం ఇల్లే, ఆవాలు చిటపటమంటే ఏడుస్తుంది!" అన్నారావిడ. మా ఆయన కుర్చీ ఎక్కి టవల్‌తో విసురుతుంటే, పిల్ల నవ్వలేక కింద కూర్చుండిపోయింది.

రాత్రి బయట మంట వేసుకున్నాం. ఫోన్లకి సిగ్నల్ లేదు. ఉన్నట్టుండి పిల్ల అడిగింది, "నన్ను కన్న అమ్మకి నేనిక్కడున్నానని తెలుసా?"

"తెలీదనుకుంటానమ్మా. ఫైల్లో ఆవిడ పేరు లేదు" అన్నాను. ఉన్నంతవరకే చెప్పాలని ముందునుంచీ మా నియమం. కావాలంటే మాతో కలిసి ఇప్పుడే 'కారా'ని అడగొచ్చని, 18 దాటితే తనే అడగొచ్చని, అడిగినా జవాబు రాకపోవచ్చని చెప్పాను. వింటూ కూర్చుంది.

పిల్లకి అసలు విషయం చెప్పొద్దని ఒకప్పుడు మాతో పోట్లాడిన మనిషి మా అత్తయ్య. ఆవిడే అందుకున్నారు. "ఎక్కడున్నా నువ్వు తిన్నావో లేదో అనుకుంటూనే ఉంటుందే."

"తిన్నానని ఎలా చెప్పాలి నాయనమ్మా?"

ఎవరి దగ్గరా సమాధానం లేదు. ఆవిడ కాసేపు మంటకేసి చూసి, లోపలికెళ్ళి ఇంకో ప్లేటు పులిహోర తెచ్చి పిల్ల చేతికిచ్చారు. సగం తిని, ఆవిడ ఒళ్ళోనే నిద్రపోయింది.

మర్నాడు లూరే గుహలు చూసి ఇంటిదారి పట్టాం. కార్లో వచ్చే ఏడాదికి షరతులు చెప్పింది. ఇదే కేబిన్. కేకు వద్దు. ఒక్క ఫ్రెండుని తెచ్చుకుంటుంది. నాయనమ్మ తప్పనిసరి. అత్తయ్య ఐ-94 గడువు మార్చితో అయిపోతుందని చెబితే, "అయితే అక్టోబర్‌కి మళ్ళీ టికెట్ ఇప్పుడే చూడు నాన్నా" అంది.